సిల్వరాడోకు టోయింగ్ అద్దాలు: కొనే ముందు కొలవండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ దగ్గర 2016 నాటి షెవర్లే సిల్వరాడో 1500 ఎల్‌టీ, క్రూ క్యాబ్, అంటే నాలుగు తలుపుల పికప్ ట్రక్కు ఉంది. ఈ మధ్యనే 28 అడుగుల ట్రావెల్ ట్రెయిలర్, అంటే ట్రక్కు వెనక లాక్కెళ్ళే ఇల్లులాంటి బండి కొన్నారు. ఫ్రిస్కోలోని ఇంటి నుంచి లూయిస్‌విల్ సరస్సు దాకా లాక్కువెళ్ళిన మొదటి రోజే వెనక ఏ బండి వస్తున్నదో సరిగా కనబడక ఇబ్బంది పడ్డారు. నవంబరులో పిల్లలతో పడమటి టెక్సాస్‌లోని బిగ్ బెండ్ జాతీయ పార్కుకు వెళ్ళాలనుకుంటున్నారు. ఉన్న అద్దాలకు తగిలించుకునే క్లిప్-ఆన్ అద్దాలు సరిపోతాయా, లేక మొత్తంగా టోయింగ్ అద్దాలకు (బయటికి సాగే చేతులతో, పైన పెద్ద గాజు, కింద చిన్న ఉబ్బెత్తు గాజుతో వచ్చేవాటికి) మారాలా, మారితే ఇంటి దగ్గర సొంతంగా బిగించుకోవచ్చా అన్నవి మీ మూడు ప్రశ్నలు. పదకొండేళ్ళుగా ట్రెయిలర్ లాగుతున్నాను, రెండు ట్రక్కులకు స్వయంగా అద్దాలు మార్చుకున్నాను, మరికొందరు మిత్రుల బండ్లకు పక్కన నిలబడి మార్పించాను. ఆ అనుభవంతో వివరంగా రాస్తున్నాను.

ముందుగా సూటి జవాబు చెబుతాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు, దగ్గరి దూరాలకు మాత్రమే లాగేవారైతే మంచి క్లిప్-ఆన్ అద్దాలతో నెట్టుకురావచ్చు. మీరు బిగ్ బెండ్ అంటున్నారు. డాలస్ ప్రాంతం నుంచి అది ఒక రోజులో హాయిగా చేరే దూరం కాదు, ఇంటర్‌స్టేట్ మీద గంటల తరబడి పెద్ద లారీల మధ్య నడపాలి. అంత ప్రయాణానికి టోయింగ్ అద్దాలే సరైనవి. వాటిని ఇంటి దగ్గర బిగించుకోవడం ఒక శనివారం పని, భయపడవలసినది కాదు. అయితే ఏ అద్దాలు కొనాలన్నది మీ ట్రెయిలర్ వెడల్పును బట్టి, మీ తలుపులో ఇప్పటికే ఉన్న వైర్లను బట్టి తేలుతుంది. ఈ రెండూ చూడకుండా ఆన్‌లైన్‌లో బొమ్మ బాగుందని ఆర్డరు పెట్టినవారే ఎక్కువగా డబ్బు పోగొట్టుకుంటున్నారు.

వెడల్పు సంగతి కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే అసలు కిటుకు అంతా ఇక్కడే ఉంది. మీ ట్రక్కు ఒంటి వెడల్పు, అద్దాలు వదిలేస్తే, దాదాపు 80 అంగుళాలు. ట్రావెల్ ట్రెయిలర్లు చాలావరకు 8 అడుగులు, అంటే 96 అంగుళాల వెడల్పుతో వస్తాయి. కొన్ని ఎనిమిదిన్నర అడుగులు, అంటే 102 అంగుళాలు ఉంటాయి. కాబట్టి ట్రెయిలర్ గోడ మీ ట్రక్కు ఒంటికన్నా ఒక్కో పక్క 8 నుంచి 11 అంగుళాలు బయటికి పొడుచుకు వస్తుంది. మీ అద్దం బయటి అంచు ఆ గోడ గీతను దాటి బయటికి ఉంటేనే గోడ పొడవునా చూపు సాగుతుంది. దాటకపోతే ట్రెయిలర్ ముందు మూల మీ చూపును అడ్డగించి, దాన్ని బయటివైపుకు ఏటవాలుగా తోసేస్తుంది.

ఆ ఏటవాలు ఎంత నష్టం చేస్తుందో లెక్క కట్టి చూడండి. మీ అద్దం నుంచి ట్రెయిలర్ ముందు మూల దాకా సుమారు 17 అడుగులు ఉంటుందనుకుందాం. అద్దం అంచు ట్రెయిలర్ గోడ గీతకన్నా 4 అంగుళాలు లోపలికి ఉంటే, ముందు మూలను ఒరుసుకుంటూ వెళ్ళే చూపు గీత ట్రెయిలర్ తోక దగ్గరికి వచ్చేసరికి గోడనుంచి ఐదారు అంగుళాలే బయటికి జరుగుతుంది. అది పెద్ద నష్టంగా అనిపించదు. అదే గీతను ట్రెయిలర్ వెనక మరో 200 అడుగులు పొడిగిస్తే, ఆ దూరంలో 4 అడుగుల పైచిలుకు పట్టీ మీకు అసలు కనబడదు. ఇంటర్‌స్టేట్ మీద ఒక లేన్ వెడల్పు 12 అడుగులు. పక్క లేన్‌లో మూడో వంతు మీ చూపుకు అందకుండా పోతుందన్నమాట. ఒక మోటార్ సైకిలు అందులో నిశ్చింతగా ఇమిడిపోతుంది. ఇప్పుడు అద్దాన్ని గోడ గీత దాటించి 4 అంగుళాలు బయటికి జరిపామనుకోండి. చూపు గీత ట్రెయిలర్ తోక మూలను తాకి లోపలికి తిరుగుతుంది. అదే 200 అడుగుల దగ్గర ట్రెయిలర్ నీడలోకి కూడా ఒకటిన్నర అడుగు తొంగిచూడగలుగుతారు. అటూ ఇటూ కలిపి 8 అంగుళాల తేడా. టోయింగ్ అద్దానికి డబ్బు పెట్టడం అంటే ఆ 8 అంగుళాలకే పెట్టడం.

200 అడుగుల లెక్కనే ఎందుకు తీసుకున్నానంటే, టెక్సాస్ రవాణా చట్టంలో ఆ అంకే ఉంది. 547.602 సెక్షన్ ప్రకారం, మరో వాహనాన్ని లాగుతున్న బండితో సహా ప్రతి మోటారు వాహనానికీ వెనక కనీసం 200 అడుగుల రహదారిని డ్రైవరుకు చూపించే అద్దం ఉండాలి. క్యాబిన్ నడుమ ఉన్న అద్దంలో మీకు కనిపించేది ట్రెయిలర్ ముందు గోడ ఒక్కటే కాబట్టి, ఆ బాధ్యత మొత్తం పక్క అద్దాల మీదే పడుతుంది. కాలిఫోర్నియా చట్టం కూడా 200 అడుగులే చెబుతుంది. వెనక కెమెరా ఉంది కదా అని కొందరు వాదిస్తారు. నేనూ ట్రెయిలర్‌కు కెమెరా పెట్టుకున్నాను, అది నాకు ఎంతో ఉపయోగపడుతుంది కూడా. అయినా చట్టం అడుగుతున్నది అద్దం. పైగా వైర్‌లెస్ కెమెరా బొమ్మ క్షణం ఆలస్యంగా రావడమో, నడుమ నడుమ ఆగిపోవడమో నేను చాలాసార్లు చూశాను.

కాబట్టి మొదట చేయవలసిన పని కొలవడం. ట్రెయిలర్‌ను ట్రక్కుకు తగిలించి, రెండూ ఒకే గీతలో ఉండేలా సమంగా ఉన్న చోట నిలపండి. ట్రెయిలర్ గోడకు ఆనించి ఒక పొడవాటి దారాన్ని ముందుకు లాగి, ట్రక్కు అద్దం పక్కన బిగువుగా పట్టుకోమని ఇంట్లో ఎవరికైనా చెప్పండి. దారానికీ, అద్దంలోని గాజు బయటి అంచుకూ మధ్య ఎన్ని అంగుళాలున్నదీ టేపుతో చూడండి. ప్లాస్టిక్ గూడు అంచు కాదు, గాజు అంచు. ఈ తేడా చాలామంది గమనించరు, గూటికీ గాజుకూ మధ్య ఒక అంగుళం పోతుంది. ట్రెయిలర్‌కు కుడి పక్కన చుట్టిపెట్టిన ఆనింగ్ (నీడకోసం చాపే గుడ్డ పందిరి) ఉంటే ఆ పక్క అదే అన్నిటికన్నా బయటికి ఉంటుంది, కాబట్టి అక్కడ దారాన్ని గోడకు కాక ఆనింగ్‌కు ఆనించండి. వచ్చిన లోటుకు కనీసం రెండు మూడు అంగుళాలు కలిపితే, మీ కొత్త అద్దం ఎంత బయటికి సాగాలో తెలుస్తుంది.

ఇక క్లిప్-ఆన్ అద్దాల మాట. జత సుమారు 40 నుంచి 80 డాలర్లకు దొరుకుతాయి. పట్టీలతో బిగించేవి, ఉన్న గూటి మీద తొడుగులా ఎక్కేవి అని రెండు రకాలున్నాయి. మీ మోడలుకే కొలతలు తీసి చేసిన తొడుగు రకం కొంత నయం. పట్టీల రకం గురించి నా అనుభవం చెబుతాను. మొదటి ఏడాది వాటితోనే ఆస్టిన్ వైపు బయలుదేరాం. వేకో దాటాక ఒక సెమీ, అంటే పెద్ద లారీ, మమ్మల్ని దాటి వెళ్ళింది. దాని ముందు నుంచి వచ్చే గాలి తోపుకు కుడివైపు తగిలించిన అద్దం మెల్లగా కిందికి వాలిపోయి, నాకు రోడ్డుకు బదులు ట్రెయిలర్ చక్రం మీది మట్టిపలక చూపించడం మొదలుపెట్టింది. మా ఆవిడ కిటికీ దించి, చేయి బయటపెట్టి దాన్ని పైకి తిప్పింది. పది మైళ్ళు పోకముందే మరో లారీ, మళ్ళీ అదే తంతు. గంటకు 65 మైళ్ళ వేగంలో బొమ్మ ఎంతగా వణికేదంటే, వెనక ఉన్నది ఒక బండి అని తెలిసేది గాని అది దగ్గరపడుతున్నదో లేదో తెలిసేది కాదు. లేన్ మారడానికి కావలసిందే ఆ ఒక్క సమాచారం. ఆ రోజు సాయంత్రమే వాటిని విప్పేసి డబ్బాలో పెట్టాను. ఇప్పుడు అవి అద్దె ట్రక్కులకు మాత్రమే పనికొస్తున్నాయి.

టోయింగ్ అద్దాలలో మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది కంపెనీవే కొత్తవి కొనడం. పనితనంలో వీటికి సాటి లేదు గాని ఖరీదు బాగా ఎక్కువ. రెండోది బయటి తయారీదారులు అమ్మే జత, సుమారు 200 నుంచి 400 డాలర్లు. మూడోది పాత బండ్ల విడిభాగాలు అమ్మే యార్డులో కంపెనీ అద్దాలనే వాడినవి సంపాదించడం. నన్నడిగితే మూడో దారికే ఓటు వేస్తాను. 2014 నుంచి 2018 వరకు వచ్చిన సిల్వరాడో 1500లకూ, అవే ఏళ్ళ జీఎంసీ సియెర్రాలకూ ఇవి ఒకటే కాబట్టి టెక్సాస్‌లో వెతికితే దొరకడం కష్టం కాదు. 2019లో బండి కొత్త రూపంలో వచ్చింది, వాటి అద్దాలు మీ తలుపుకు సరిపోవు. 2019 అని రాసి ఉన్న వాటిలో పాత రూపంతోనే అమ్మిన ఎల్‌డీ అనే రకం ఒకటుంది, అది మాత్రం మీదానితో కలుస్తుంది. యార్డులో అద్దం తీసుకున్నప్పుడు దాని సాగే చేతిని పూర్తిగా బయటికి లాగి, కొసను పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి. గడియారం ముల్లులా కటకటమని ఆడితే వదిలేయండి. ఆ వదులు హైవే మీద వణుకుగా మారుతుంది, దాన్ని సరిచేయడం మన వల్ల కాదు.

బయటి తయారీ జత కొనదలచుకుంటే గాజు విషయంలో పట్టుదలగా ఉండండి. అమెరికా భద్రతా ప్రమాణాలలో 111వది వెనక చూపుకు సంబంధించినది. దాని ప్రకారం డ్రైవరు వైపు ప్రధాన అద్దం సమతలంగా ఉండాలి, అంటే వస్తువును ఉన్న దూరంలోనే ఉన్నట్టు చూపించాలి. కుడివైపు కుంభాకార (ఉబ్బెత్తు) అద్దం పెట్టవచ్చు గాని దాని వంపు వ్యాసార్ధం 889 మిల్లీమీటర్లకు తగ్గకుండా, 1651 మిల్లీమీటర్లకు మించకుండా ఉండాలి, అందులో కనిపించే వస్తువులు నిజానికి ఇంకా దగ్గర ఉన్నాయన్న హెచ్చరిక దానిమీద చెక్కి ఉండాలి. నేను ఒకసారి చవకగా వచ్చిందని ఒక జత తెప్పించాను. ఎడమవైపు పై గాజు కూడా స్వల్పంగా వంపు తిరిగి ఉన్నదని బిగించాక గాని తెలియలేదు. వెనకాల అర ఫర్లాంగు దూరంలో ఉన్నట్టు కనబడిన పికప్, లేన్ మారబోయే సమయానికి నా ట్రెయిలర్ తోక పక్కనే ఉంది. వెంటనే తిప్పి పంపాను. అప్పటినుంచి డబ్బా విప్పగానే చేసే పరీక్ష ఒకటుంది. గాజు ముందు పొడవాటి స్కేలు పట్టుకుని, అందులో స్కేలు అంచు తిన్నగా కనబడుతున్నదో, విల్లులా వంగి కనబడుతున్నదో చూస్తాను. తలను మెల్లగా కదిలించినప్పుడు బొమ్మ అలలా ఊగినా ఆ గాజు పనికిరాదు. బండికి బిగించకముందే ఈ పరీక్ష చేస్తే తిప్పి పంపడం సులువు.

తరువాత వైర్ల సంగతి. మీ ఎల్‌టీలో అద్దం గాజును మీటతో తిప్పుకునే సౌకర్యం, గాజును వేడిచేసే సౌకర్యం ఉండి ఉంటాయి. టోయింగ్ అద్దాల పెట్టెమీద మాత్రం ఇండికేటరు దీపం, కింద నేల మీద వెలుతురు వేసే దీపం, వెనక్కి కాంతి చిమ్మే దీపం, మీట నొక్కితే ముడుచుకునే సౌకర్యం అంటూ చాలా రాసి ఉంటుంది. ఇవన్నీ పనిచేయాలంటే మీ తలుపులోకి అందుకు తగిన వైర్లు వచ్చి ఉండాలి, డ్రైవరు తలుపు మీది స్విచ్చుకు ఆ మీట ఉండాలి. గ్లవ్ బాక్సులో అతికించిన పత్రం మీద మీ బండికి ఫ్యాక్టరీలో ఏయే సౌకర్యాలు పెట్టారో కోడ్‌లుగా ఉంటాయి. వీఐఎన్ (బండి గుర్తింపు) నంబరు చెబితే డీలరు విడిభాగాల కౌంటరులో కూడా అవి చదివి చెబుతారు. కొనే అద్దం కనెక్టరులో ఎన్ని పిన్నులున్నాయో, మీ తలుపులోని కనెక్టరులో ఎన్ని ఉన్నాయో సరిపోల్చండి. తేడా ఉంటే రెంటినీ కలిపే వైర్ల కట్టను అడాప్టరు హార్నెస్ అని విడిగా అమ్ముతారు. దానితో గాజు కదలిక, వేడి సాధారణంగా పనిచేస్తాయి. ఈ రెండూ పనిచేస్తే మీకు కావలసినది వచ్చినట్టే.

ఇండికేటరు దీపానికి వైరు లేకపోతే దానికోసం తలుపుకూ బండి ఒంటికీ మధ్యనున్న రబ్బరు గొట్టం గుండా కొత్త వైరు లాగాలి. మొత్తం పనిలో అన్నిటికన్నా విసుగైనది ఇదే. పైగా ఈ కాలపు బండ్లలో దీపాలను కంప్యూటరు నడుపుతుంది కాబట్టి, ఏదో ఒక వైరుకు మధ్యలో గిచ్చి కలిపితే బల్బు పోయిందన్న హెచ్చరికలు రావచ్చు. చేయి తిరగనివారు ఆ దీపాన్ని మొదట వదిలేయడం మంచిది, కావాలనిపిస్తే తరువాత వైరింగ్ తెలిసిన షాపులో పెట్టించుకోవచ్చు. అద్దం ముడుచుకునే మోటారు కోసం మీరు అదనంగా డబ్బు పెట్టవద్దు. చేత్తో ముడిచే అద్దం చాలు, అందులో చెడిపోయేదీ తక్కువ. మీ బండిలో కాకపోయినా చదివేవారిలో ఎవరి బండికైనా పక్క అద్దం అడుగున కెమెరా ఉన్నా, గాజులో పక్క బండిని సూచించే గుర్తు వెలుగుతున్నా, బయటి తయారీ అద్దం పెట్టడంతో అవి పోతాయి. అటువంటివారు అవే సౌకర్యాలున్న కంపెనీ అద్దాన్నే వెతుక్కోవాలి.

బిగింపు పనికి కావలసిన పనిముట్లు ఎక్కువ లేవు. 7, 10 మిల్లీమీటర్ల సాకెట్లు, ఒక పొడవాటి ఎక్స్‌టెన్షన్, ప్లాస్టిక్ ట్రిమ్ పనిముట్లు, తలుపు లోపలి ప్యానెల్‌ను పట్టి ఉంచే కాసిని కొత్త క్లిప్పులు. మొదట బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి కొన్ని నిమిషాలు ఆగండి. తలుపులో పక్కనుంచి తగిలే దెబ్బను పసిగట్టి ఎయిర్‌బ్యాగుకు చెప్పే సెన్సర్ ఉంటుంది, కనెక్టర్లు విప్పి ఉన్నప్పుడు తాళం తిప్పడం మంచిది కాదు. కిటికీ ముందు మూలలో ఉన్న ముక్కోణపు ప్లాస్టిక్ మూతను, కిటికీ స్విచ్చుల పలకను ట్రిమ్ పనిముట్టుతో మెల్లగా లేపండి. లోపలి పిడి వెనక మూత కింద, చేయి పెట్టుకునే చోట 7 మిల్లీమీటర్ల స్క్రూలు ఉంటాయి. వాటిని తీశాక ప్యానెల్‌ను అడుగు నుంచి మొదలుపెట్టి చుట్టూ క్లిప్పులు వదిలించి, చివర పైకి ఎత్తితే చేతికి వస్తుంది. దాన్ని ఒక్కసారిగా లాగేయవద్దు. వెనకాల తలుపు పిడి కేబులు, స్విచ్చుల వైర్లు ఇంకా తగిలి ఉంటాయి. నేను మొదటిసారి ఫిబ్రవరి చలిలో గ్యారేజీ తలుపు తెరిచిపెట్టి ఈ పని చేశాను. ఆ చలికి ప్లాస్టిక్ పెళుసెక్కి నాలుగు క్లిప్పులు పుటుక్కున తెగాయి. ఎండ తగిలి ప్యానెల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు చేస్తే అవే క్లిప్పులు వంగి బయటికి వస్తాయి. మీరు అక్టోబరు మధ్యాహ్నం పెట్టుకోండి, టెక్సాస్‌లో ఆ మాత్రం ఎండ ఉంటుంది.

ప్యానెల్ వెనక పల్చటి పొర ఒకటి నల్లటి జిగురుతో అతికించి ఉంటుంది. తలుపులోకి దిగిన వాననీరు క్యాబిన్‌లోకి రాకుండా కాపాడేది అదే. చింపకుండా కావలసిన మేరకే ఒలిచి, పని అయ్యాక ఆ జిగురు మీదే వేళ్ళతో గట్టిగా అదిమి అతికించండి. ఇక అద్దాన్ని పట్టి ఉంచేవి 10 మిల్లీమీటర్ల నట్లు మూడే. చివరి నట్టు విప్పేముందు బయట ఒకరు రెండు చేతులతో అద్దాన్ని పట్టుకుని నిలబడాలి, లేకపోతే అది వైరు మీద వేలాడి తలుపు రంగు గీకేస్తుంది. నట్లు తలుపు లోపలి బోలులోకి జారిపడకుండా ఆ సందులో ఒక పాత తువ్వాలు కుక్కి పెట్టుకోండి. కొత్త అద్దం అడుగునున్న స్పాంజి అంచు తలుపుకు అంతటా సమంగా అతుక్కున్నదో లేదో వేలితో తడిమి చూశాకే బిగించండి. మూడు నట్లనూ కొద్దికొద్దిగా, ఒకదాని తరువాత ఒకటి బిగిస్తూ రావాలి. ఒకటే పూర్తిగా బిగిస్తే అద్దం ఒక పక్కకు లాగి, హైవే మీద ఈల వేసినట్టు గాలి చప్పుడు చేస్తుంది. ప్యానెల్ మూసేముందే విప్పిన కనెక్టర్లన్నీ మళ్ళీ పెట్టి, బ్యాటరీ తగిలించి గాజు నాలుగు దిక్కులకూ తిరుగుతున్నదో లేదో, వేడి మీట నొక్కిన రెండు మూడు నిమిషాలకు గాజు వెచ్చబడుతున్నదో లేదో అరచేత్తో పరీక్షించండి.

బిగించడం కన్నా సర్దుకోవడం ముఖ్యమైన పని, దీన్ని చాలామంది దారిలో చేసుకోవచ్చులే అని వదిలేస్తారు. మన ఊళ్ళలో లారీ వెనక్కి తీసేటప్పుడు క్లీనరు దిగి, బాడీ మీద చేత్తో తడుతూ రానీయ్, రానీయ్ అంటూ డ్రైవరుకు వెనకనున్న ప్రతి రాయినీ చెప్పేవాడు. ఇక్కడ ఆ కబురు మోసేవి ఈ రెండు అద్దాలే. మరో మాట కూడా గుర్తుంచుకోండి. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి గుడ్డి పక్క ఎడమది. ఇక్కడ అది కుడివైపుకు మారింది. ఇండియాలో ఏళ్ళ తరబడి నడిపి వచ్చినవారికి కారులో ఈ అలవాటు త్వరగానే మారుతుంది గాని, ట్రెయిలర్ తగిలించి వెనక్కి తీస్తున్నప్పుడు పాత అలవాటు మళ్ళీ పైకి వస్తుంది. నా విషయంలో అలాగే జరిగింది. అందుకే కుడి అద్దాన్ని సర్దడానికి ఎడమదానికి పెట్టిన సమయానికి రెట్టింపు పెట్టండి.

ఆదివారం ఉదయం ఖాళీగా ఉండే పెద్ద పార్కింగ్ స్థలానికి ట్రెయిలర్‌తో వెళ్ళి, రెండూ తిన్నగా నిలిచేలా కొంత దూరం ముందుకు నడిపి ఆపండి. సీటును మీరు దూరప్రయాణంలో కూర్చునే తీరుకే పెట్టుకోండి. అద్దాల చేతులను బయటికి లాగండి. పై పెద్ద గాజులో లోపలి అంచున ట్రెయిలర్ గోడ నాలుగో వంతుకు మించకుండా కనబడాలి, మిగిలినదంతా పక్క లేన్, దూరపు రోడ్డు. ఆకాశమూ నేలా కలిసే గీత గాజుకు నడుమన ఉండాలి. కింది చిన్న కుంభాకార గాజును చేత్తో తిప్పి సర్దాలి. అందులో ట్రెయిలర్ చక్రం, దాని పక్కన నేల, మీ వెనక తలుపుకు పక్కగా ఉన్న ఖాళీ కనబడాలి. ఆ తరువాత ఇంట్లోవారిని ఒకరిని ట్రెయిలర్ వెనక వంద అడుగుల దూరం నుంచి పక్క లేన్ నడుమగా ముందుకు నడిచి రమ్మనండి. వారు మొదట పై గాజులో కనబడి, అందులోంచి తప్పుకునేలోపే కింది గాజులోకి వచ్చి, అందులోంచి తప్పుకునేలోపే మీ కంటి కొసకు నేరుగా కనబడాలి. నడుమ ఒక్క అడుగు మేరైనా మనిషి మాయమైతే కింది గాజును బయటికి తిప్పి మళ్ళీ నడిపించండి. మా ఇంట్లో మా అమ్మాయి ఈ నడక నడుస్తుంది. ప్రతి ప్రయాణానికి ముందు రెండు పక్కలా రెండేసి సార్లు, అంతా కలిపి పది నిమిషాలు పట్టదు.

రోడ్డు మీద రెండు గాజులనూ రెండు వేర్వేరు ప్రశ్నలకు వాడండి. పక్కన ఎవరైనా ఉన్నారా అన్నది కింది కుంభాకార గాజు చెబుతుంది. ఉన్నవారు ఎంత దూరంలో, ఎంత వేగంగా వస్తున్నారన్నది పై సమతల గాజు చెబుతుంది. కుడివైపు పై గాజు మీద హెచ్చరిక వాక్యం చెక్కి ఉంటే అదీ వంపు గాజే కాబట్టి దూరం విషయంలో దాన్ని పూర్తిగా నమ్మవద్దు. మలుపు తిరుగుతున్నప్పుడు, వెనక్కి తీస్తున్నప్పుడు ట్రెయిలర్ ఒక పక్కకు వంగుతుంది కాబట్టి ఒక అద్దంలో గోడ నిండిపోయి, రెండో అద్దంలో ట్రెయిలరే కనబడకుండా పోతుంది. అది అద్దం లోపం కాదు, అటువంటప్పుడు చూపును ట్రెయిలర్ కనబడే పక్కనే నిలపండి. పెట్రోలు బంకులో మాత్రం రెండో పక్కనూ మరచిపోవద్దు. పంపు వదిలి ఎడమకు పదునుగా తిప్పితే చక్రాల వెనకనున్న ట్రెయిలర్ తోక కుడివైపుకు కొడుతుంది. పంపును కాపాడే ఆ పసుపురంగు ఇనుప స్తంభాలకు ట్రెయిలర్ వెనక మూల గీసుకునేది సరిగ్గా అప్పుడే.

ట్రెయిలర్ లేని రోజుల్లో అద్దాల చేతులను లోపలికి తోసి పెట్టుకోండి. లోపలికి తోసినా ఇవి మీ పాత అద్దాలకన్నా బయటికే ఉంటాయి. ఒక్క కారు పట్టే గ్యారేజీ తలుపు 8 అడుగులే ఉంటే ముడవకుండా లోపలికి పెట్టడం సాధ్యం కాదు. బ్యాంకు డ్రైవ్-త్రూలో, కార్ వాష్‌లో కూడా ముందే ముడుచుకోవాలి. గాలి చప్పుడు కొంచెం పెరుగుతుంది. కూడళ్ళలో ఎడమ మూలనుంచి దాటే పాదచారి ఈ ఎత్తైన గూటి వెనక ఒక క్షణం దాగిపోతాడు కాబట్టి, తిప్పేముందు తల కాస్త ముందుకు వంచి చూడడం అలవాటు చేసుకోండి.

ప్రశ్నలో లేని విషయం ఒక్కటి మాత్రం అడుగుతాను. 28 అడుగుల ట్రెయిలర్ సామాను నింపాక 7000 పౌండ్లు తూగితే, హిచ్ (ట్రెయిలర్‌ను ట్రక్కుకు తగిలించే కొక్కెం) మీద పడే బరువు అందులో 10 నుంచి 15 శాతం, అంటే 700 నుంచి 1050 పౌండ్లు. డ్రైవరు తలుపు చట్రం మీద అతికించిన పసుపు, తెలుపు చీటీలో మీ ట్రక్కు మోయగల బరువు రాసి ఉంటుంది. హిచ్ బరువు, మీ కుటుంబం అందరి బరువు, వెనక పెట్టెలోని సామాను కలిపి ఆ అంకె దాటకూడదు. అద్దాలకు డబ్బు పెట్టేముందు ఆ చీటీ చదవండి.

ఇక బిగ్ బెండ్. పార్కులో చిసోస్ బేసిన్‌కు ఎక్కే దారి ఇరుకైన మెలికలతో ఉంటుంది. 20 అడుగులకు మించిన ట్రెయిలర్లను అటు తీసుకురావద్దని పార్కువారే చెబుతున్నారు, కాబట్టి ఎంత మంచి అద్దాలున్నా మీ 28 అడుగుల ట్రెయిలర్‌ను ఆ దారి ఎక్కించవద్దు. నది ఒడ్డునున్న రియో గ్రాండే విలేజ్‌లో స్థలం చూసుకుని, ట్రెయిలర్ అక్కడ వదిలి, అద్దాల చేతులు లోపలికి తోసి, పిల్లలతో ఉత్త ట్రక్కులో కొండెక్కండి. బయలుదేరిన రోజున మొదటి యాభై మైళ్ళ తరువాత ఒకసారి ఆగి, రెండు అద్దాలనూ చేత్తో పట్టుకుని ఊపి చూడండి. కొత్తగా బిగించినవి ఏమైనా సర్దుకుని వదులైతే ఆపాటికే తెలుస్తుంది, 10 మిల్లీమీటర్ల సాకెట్ గ్లవ్ బాక్సులోనే ఉంచుకోండి.